పుత్తూరులో కట్టు కట్టించుకున్న రోజు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. భయం కాదు, విసుగు. చిత్తూరులో నాది బోరు మోటార్లు రిపేరు చేసే షాపు. మోటారు తిరగలేదంటే కాయిల్ కాలి ఉంటుంది, బేరింగు పట్టేసి ఉంటుంది, లేదంటే ఎలుక వైరు కొరికి ఉంటుంది. విప్పి చూస్తే ఏదో ఒక కారణం దొరుకుతుంది. శ్మశానాల పక్కనున్న పొలాల్లో కూడా పనిచేశాను. నన్ను పాములు భయపెట్టాయి గానీ ఇంకేదీ భయపెట్టలేదు.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. అసలు దయ్యం కావాలంటే ముందు మనిషి చనిపోవాలి కదా. మా బావ ఈ రోజుకీ బతికే ఉన్నాడు.

తొంభైల చివర్లో సంగతి. నాకు పుత్తూరు వైపు ఒక సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకు మా అమ్మా, నేనూ, మా అక్క మొగుడూ బయల్దేరాం. అక్కకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండిపోయింది. బావ అప్పుడే ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. దాన్ని చూసి మురిసిపోయినంతగా తన పెళ్లిలో అక్కను చూసి కూడా మురిసిపోలేదని మేం ఏడిపించేవాళ్లం. డ్రైవరు అక్కర్లేదు, నేనే నడుపుతానన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా నలగకూడదని ఎడమ చెయ్యి కిటికీ మీద పెట్టుకున్నాను.

కార్వేటినగరం దాటిన తర్వాత ఒక మలుపులో రోడ్డు నిండా ఉలవ పైరు పరిచి ఉంది. మా వైపు రైతులు కోసిన పైరును తారు రోడ్డు మీద పరుస్తారు. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. కళ్లం పని, ఎద్దుల పని తప్పుతుంది. దాని మీద నెమ్మదిగా పోవాలని అందరికీ తెలుసు. బావకీ తెలుసు. కానీ మలుపు తిరిగేదాకా అది కనిపించలేదు. బ్రేకు వేయగానే కారు నూనె మీద జారినట్టు జారి, పక్కనున్న చింతచెట్టును కొట్టుకుంది.

నా ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగింది. చూస్తే వంకరగా ఉంది. నేను పెట్టిన కేకలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెనక సీట్లో ఉన్న అమ్మకు పెదవి చిట్లింది, అంతే. బావకు ఒక్క గీత కూడా పడలేదు. స్టీరింగు పొట్టకు తగిలిందన్నాడు. కిందికి దిగి, చొక్కా దులుపుకుని, భుజం మీది తుండుగుడ్డ తీసి నా చేతికి ఉయ్యాలలాగా కట్టాడు.

ఉలవలు పరిచిన రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాపం, దూరంగానే ఆగి చేతులు జోడించాడు. మాతో కొట్లాట వస్తుందనుకున్నాడేమో.

"చెయ్యి ఇరిగిండాది సామీ. పుత్తూరికి పోండి. కట్టు కట్టిస్తే సరిపోతాది, ఇంక యాడికీ పోయే పన్లే" అన్నాడు.

మాకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. మా జిల్లాలో ఎముక విరిగితే కాళ్లు వాటంతట అవే పుత్తూరు దారి పడతాయి. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు. మా తాత కాలు అక్కడే అతుక్కుంది, మా నాయన భుజం కూడా అక్కడే. అందుకే కారు చెట్టును కొట్టిన క్షణం నుంచీ మా ముగ్గురికీ ఉన్నది ఒకటే ఆలోచన. సీనా చెయ్యి విరిగింది, పుత్తూరికి పోవాలి. పెళ్లి కావాల్సిన పిల్లోడు కదా అని అమ్మ ఏడుస్తోంది. కారులో ఇంకో మనిషి కూడా ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ మనిషికే తట్టలేదు.

ఆ దారిన పోయే బాడుగ జీపు ఒకటి ఆగింది. ముందు సీటు తలుపుకు గొళ్లెం ఊడిపోయి ఉంది. అమ్మా నేనూ వెనక ఎక్కాం, బావ ఆ సీట్లో కూర్చున్న తర్వాత డ్రైవరు ఆ తలుపును బయటినుంచి కొబ్బరితాడుతో బిగించి కట్టాడు. ఈ తాడు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. బావ మాటిమాటికీ వెనక్కి తిరిగి, "ఇంకేం వచ్చేసిందిరా, ఓర్చుకో" అంటున్నాడు. ఒకసారి మాత్రం ఎడమ భుజం లాగుతోందని అన్నాడు. స్టీరింగు తిప్పడంలో పట్టేసి ఉంటుందిలే అంది అమ్మ. నేను ఆ మాట కూడా అనలేదు.

కట్టు కట్టేచోట జనం బాగా ఉన్నారు. జీపు చెట్టు నీడలో ఆపారు. "నేను ఈడనే కూసుంటా అత్తా, మీరు పోండి. రవంత కండ్లు తిరుగుతా ఉండాయి" అన్నాడు బావ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అందుకే అనుకున్నాం.

లోపల మా వంతు వచ్చింది. కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి తడిమి చూస్తూ, "ఇంకెవురికన్నా దెబ్బ తగిలిండాదా?" అని అడిగాడు. "లేదప్పా, దేవుడి దయ వల్ల మా అల్లుడు బాగుండాడు" అంది అమ్మ. నేను తలూపాను.

అమ్మ నాకు ఎదురుగా, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఎముక సరిచేయడానికి పెద్దాయన చెయ్యి లాగబోతున్నాడు. అప్పుడే బావ తలుపులోంచి లోపలికి వచ్చాడు.

మామూలుగానే వచ్చాడు. గాల్లో తేలలేదు, తెల్లబట్టలు కట్టుకోలేదు. పొద్దున వేసుకున్న గళ్ల చొక్కానే. కాళ్లకు చెప్పులు మాత్రం లేవు. నా పక్కకొచ్చి కుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బావిలోంచి అప్పుడే తీసినట్టు చల్లగా ఉంది. వంగి నా చెవి దగ్గర మాట్లాడాడు.

"రేయ్ సీనా, నాకు బాగలేదురా. పెద్దాస్పత్రికి పోదాం పా."

నేను ఆయన మొహం కూడా సరిగ్గా చూడలేదు. నా చూపంతా నా చేతి మీదే ఉంది.

"ఉండు బావా, నా కట్టు అయిపోనీ" అన్నాను.

గట్టిగానే అన్నాను. అమ్మ తలెత్తి, "ఎవురితో మాట్లాడతా ఉండావురా?" అంది. బావతో అనబోయేలోపు పెద్దాయన చెయ్యి లాగాడు. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ తెరిచేసరికి పక్కన బావ లేడు. విసుక్కుని వెళ్లిపోయాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త కోపం కూడా వచ్చింది. చెయ్యి విరిగినవాణ్ణి నేను, తొందర ఆయనకా అని.

కట్టు పూర్తయి బయటికొచ్చేసరికి జీపు డ్రైవరు మా వైపే పరిగెత్తుకొస్తున్నాడు. "అమ్మా, ఆయన లేయటం లేదు" అన్నాడు. దాహమంటే ఎదురంగడి నుంచి సోడా తెప్పించి తాగించాడట. అది కక్కుకుని, అలాగే సీట్లో ఒరిగిపోయాడట.

బావ మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ఊపిరి ఆడుతోంది. చెప్పులు జీపులోనే కాళ్ల దగ్గర విడిచి ఉన్నాయి.

"ఇందాక లోపలికొచ్చినప్పుడు బానే ఉన్నాడే" అన్నాను నేను. డ్రైవరు నా వైపు వింతగా చూశాడు. "యాడికీ రాలేదన్నా. నేను పక్కనే ఉండాను. కాలు కింద పెట్టలేదు" అన్నాడు.

నేను తలుపు దగ్గరికి వెళ్లాను. డ్రైవరు వేసిన ముడి వేసినట్టే ఉంది. బయటినుంచి వేసిన ముడి, లోపల కూర్చున్నవాడికి చెయ్యి అందదు. అవతలి వైపు దిగాలంటే డ్రైవరును దాటాలి. అమ్మ "ఏం సూస్తా ఉండావురా, ఎక్కు" అని అరిచేదాకా ఆ ముడిని చూస్తూ నిలబడిపోయాను.

అదే జీపులో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అప్పట్లో ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు మాకు లేవు. అక్కడ ఒక డాక్టరు బావ పొట్ట నొక్కి చూసి, ఆ తర్వాత కొత్త కట్టుతో ఉన్న నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. లోపల ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం పగిలి పొట్ట నిండా రక్తం చేరిందట. దానివల్లే భుజం లాగిందట. "ముందు నీకు కట్టు కట్టించి, తర్వాత ఇతన్ని తెచ్చారా?" అన్నాడు. పైగా సోడా కూడా తాగించారు అని తిట్టాడు. యాక్సిడెంటులో అరిచేవాడికి ఊపిరి ఉందని అరుపే చెబుతుంది, నోరెత్తనివాణ్ణి ముందు చూడాలి అన్నాడు. ఆపరేషన్ గది బయట అందరి ముందూ అన్నాడు. ఫోను చేసి చెప్పిస్తే, అక్క అప్పుడే చిత్తూరు నుంచి వచ్చి మెట్లు ఎక్కుతోంది. ఆమె కూడా విన్నది.

అక్క నా కట్టు కేసి చూసి, గోడ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

బావ బతికాడు. ప్లీహం తీసేశారు. ఒకప్పుడు బియ్యం మూటలు అవలీలగా మోసిన మనిషి ఇప్పుడు చిన్న జ్వరానికే మంచం పడతాడు. కారు అమ్మేశాడు. నా పెళ్లిచూపుల వాళ్లు శకునం బాగాలేదని కబురు పంపారు.

లోపలికి వచ్చిన మనిషి సంగతి నేను ఎవరికీ చెప్పదలుచుకోలేదు. నొప్పిలో ఏదో కనిపించింది, అంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు బావకు కాస్త మాట్లాడే ఓపిక వచ్చేదాకా నిలిచింది.

వార్డులో మేమిద్దరమే ఉన్నాం. అక్క కాఫీ తేవడానికి కిందికి వెళ్లింది. బావ నా కట్టు వైపు చూసి నవ్వాడు.

"అయిపోయిందా నీ కట్టు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు ఉన్నాను.

"నేను వచ్చి పిలిస్తే ఉండమన్నావు గదరా. ఆ ముసలాయన నీ చెయ్యి పట్టుకోని ఉన్నాడు. మీ అమ్మ కొంగులో గుడ్లు పెట్టుకోని కూసోనుండాది."

అమ్మ కొంగులో నిజంగానే గుడ్లు ఉన్నాయి. వాటిని కట్టు కట్టేచోటే, మేం లోపలికి వెళ్లిన తర్వాత కొన్నది. జీపులో ఉన్నవాడికి కనిపించే అవకాశం లేదు. ఆయన మంచం పట్టె పట్టుకుని ఏడ్చేశాను. "యెర్రోడా, కలొచ్చింటాది లే" అన్నాడు బావ. అక్క వచ్చేసరికి మాట మార్చేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇద్దరికీ ఒకే కల ఎలా వస్తుంది? తాడు విప్పకుండా మనిషి ఎలా దిగుతాడు? నాకు తెలియదు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎన్నిసార్లు విప్పి చూసినా కారణం దొరకలేదు. కానీ ఆయన ఎలా వచ్చాడన్నది నన్ను అంతగా బాధపెట్టదు. అంత కష్టపడి వచ్చి పిలిచిన మనిషికి నేను చెప్పిన జవాబు బాధపెడుతుంది.

బావ ఇప్పటికీ టౌనుకొస్తే మా షాపు దగ్గర ఆగుతాడు. ఆయన గడపలో కనిపించగానే చేతిలో ఏ పని ఉన్నా అక్కడే వదిలేసి లేచి నిలబడతాను. మోటారు సగం విప్పి ఉంటుంది, రైతు తొందరపెడుతూ ఉంటాడు. "నీ పని సూసుకోరా, నాకేం తొందర లేదు" అంటాడు బావ.

నేను కూర్చోను.