చూడకూడనిది

నాకప్పుడు తొమ్మిదో నెల. పురిటికి పుట్టింటికి తీసుకెళ్తూ మా అమ్మ నన్ను రావులపాలెంలో ధవళేశ్వరం బస్సెక్కించింది.

మా పక్క సీట్లో నాలాగే నిండు నెలలతో ఒకామె, కిటికీ దగ్గర ఆమె మొగుడు.

"గాలాడటం లేదండీ, అటుపక్క నేను కూర్చుంటాను" అందామె.

అంతే, వాడు చెంప మీద ఒక్కటి పీకాడు. ముందు సీటు ఊచకి కొట్టుకుని ఆమె పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టాడు. ఆమె మొహానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ కడుపు మీదే ఉన్నాయి. బస్సులో అందరూ బయటి వరిచేలు చూస్తున్నారు.

మా అమ్మ కొంగు తీసి నా మొహం మీద కప్పేసింది. "చూడకే! కడుపుతో ఉన్నదానివి, ఇలాంటివి చూడకూడదు. లోపలి బిడ్డకి మంచిది కాదు."

ఆమె రక్తం తుడుచుకుంటూ మా వైపు తిరిగింది.

"నా బిడ్డ రోజూ చూస్తోందండీ, పిన్నిగారూ."

అమ్మ నా మొహం మీది కొంగు లాగేసి నడుముకి బిగించింది.

"ఇప్పుడు చూడవే" అని నాతో చెప్పి, ఒళ్ళోని పెరుగన్నం క్యారేజీ ఎత్తి వాడి నెత్తిన దబీమని వేసింది. వాడు లేవబోతే ఇంకోటి వేసింది. గిన్నెలు ఊడి, పెరుగూ రక్తమూ కలిసి వాడి చొక్కా మీదికి కారాయి.

ధవళేశ్వరంలో ఆమె మాతో దిగింది. వాణ్ణి కండక్టరు దిగనివ్వలేదు. అమ్మ ఆమెని వాళ్ళ పుట్టింటికి వెళ్ళే బస్సెక్కించింది. పేరైనా అడగలేదు.

నాకు ఆడపిల్ల పుట్టింది. కళ్ళెదుట ఎవడు ఆడదాని మీద చెయ్యెత్తినా అది తల తిప్పుకోదు, చెప్పు తీస్తుంది.

"కడుపులో ఉండగానే చూసిందిగా" అనేది అమ్మ.