తాడు లాగిన జెనోవేవా

తమేగా ఏటి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో పెళ్ళికాని ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ తనకు పెళ్ళి కాలేదన్న సంగతి రోజూ బస్సెడు జనం ముందు గొంతెత్తి చాటి, దాంతోనే పొట్ట పోసుకునేది మాత్రం జెనోవేవా ఒక్కతే.

ఆమె మా ఊరి గైడు. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. అయినా ఆమె నడకను అందుకోవాలంటే కుర్రాళ్ళకే ఆయాసం వస్తుంది. ఎండైనా వానైనా పసుపుపచ్చ గొడుగు ఎత్తిపట్టుకుని ముందు నడుస్తుంది. రెండొందల ఏళ్ళ కిందట ఫ్రెంచి సైన్యాన్ని మావాళ్ళు వంతెన మీద ఆపిన కథ చెబుతుంటే, ఆ వేళ తానూ అక్కడే నిలబడి తుపాకీమందు అందించినట్టు ఉంటుంది. రాతి గోడలో గుండు దెబ్బలు చూపించి ఇప్పటికీ తిడుతుంది.

అసలు విద్య బయటపడేది మాత్రం చర్చిలో. అక్కడ పునీత గొన్సాలో విగ్రహం ఉంది, దాని నడుముకో తాడు ఉంది. మొగుడు కావాలనుకునే ఆడది ఆ తాడు మూడుసార్లు లాగాలి. పడుచుపిల్లల సంగతి ఆయనకు పెద్దగా పట్టదు. వయసు మళ్ళినవాళ్ళకు జత కుదర్చడమే ఆయనకు సరదా అని మావాళ్ళ నమ్మకం. పైఊళ్ళ ఆడవాళ్ళు నవ్వుతూ లాగేసి ఫొటోలు దిగి పోతారు. మా ఊరి ఆడది లాగితే లెక్క వేరు. ఊరంతా దండోరా వేయించినట్టే. అందుకే అవసరం పడ్డవాళ్ళు, చర్చి తాళాలు చూసే కుస్తోదియో భోజనానికి వెళ్ళే వేళ కనిపెట్టి, తలమీద శాలువా కప్పుకుని వస్తారు. కుస్తోదియో నోట్లో నువ్వుగింజ నానదు.

జెనోవేవా తన చెయ్యి తాడుకు బెత్తెడు దూరంలో ఆపి, గాలిలోనే లాగి చూపిస్తుంది. "ఇదిగో, ఇలా! నేనైతే ఇంతవరకూ ముట్టుకోలేదు. చూశారుగా ఎంత హాయిగా ఉన్నానో!" అంటుంది. జనం పగలబడి నవ్వుతారు.

హాయిగా ఉన్నమాట నిజమే. ముట్టుకోవాలని లేదన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఏటి ఒడ్డున మెట్లు దిగితే బల్తజార్ కొట్టు ఉంది. చూపించాల్సినవన్నీ చూపించాక అందరినీ అక్కడికే తీసుకెళ్ళి, పింగాణీ గిన్నెల్లో వైను తాగిస్తుంది. బల్తజార్ భార్య పోయి చాలా కాలమైంది. మాట తక్కువ, మనసు మెత్తన. జెనోవేవా కోసం చిన్న చేపలు కరకరలాడేలా వేయించి వేరే పళ్ళెంలో పక్కన పెడతాడు. ఆ పళ్ళెం కోసమే ఆమె పొద్దున్నే లేస్తుంది. ఆ మాట అతనితో అనడానికి మాత్రం, ఊరి చరిత్ర మొత్తం గడగడా అప్పజెప్పే ఆ నోరు పెగలదు. పైగా అక్కడ కూడా ఆ తాడు జోకే వేస్తుంది. అతనూ నవ్వుతాడు.

ఇలా ఉండగా పునీత మార్తీను పండగ వచ్చింది. కొత్త వైను రుచి చూసే రోజు. ఆ పొద్దున సెతూబల్ నుంచి రిటైరైన టీచరమ్మల బస్సొకటి దిగింది. ముందుగా వాళ్ళను ఊరి బయట ద్రాక్షతోటకు తీసుకెళ్ళింది. తోట యజమాని కాల్చిన చెస్ట్‌నట్ గింజలు పెట్టి, గిన్నె మీద గిన్నె పోశాడు. జెనోవేవా పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఊళ్ళోకి వచ్చేసరికి ఆమె గొడుగు ఒక్కచోట నిలవడంలేదు. వెనక టీచరమ్మలూ అంతే, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పాటలు.

చర్చిలో వాళ్ళ నాయకురాలు దోనా ఎదుయార్దా వెనక నుంచి కేకేసింది. "ఏమ్మా, గాల్లో లాగితే మాకేం తెలుస్తుంది? ఎంత గట్టిగా లాగాలో సరిగ్గా చూపించు!"

జెనోవేవా తాడు పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆవుదూడను గాటికి ఈడ్చినట్టు లాగింది. కొత్త వైను పని అని తర్వాత చాలామంది అన్నారు. వైను ధైర్యం ఇచ్చి ఉండొచ్చు. పట్టు మాత్రం ఆమెదే.

స్తంభం పక్కన ఏదో ఠంగుమని పడింది. కుస్తోదియో చేతిలోని తాళాలగుత్తి. పరుగంటే ఏమిటో ఎరగని ఆ మనిషి పక్క తలుపులోంచి పరుగు తీశాడు.

"అయ్యో, నా కొంప మునిగింది!" అంది జెనోవేవా. అని, ఆపుకోలేక నవ్వేసింది. భయం ఎంతుందో సంతోషం అంతే ఉంది, ఏది ముందు పొంగిందో ఆమెకే తెలియలేదు.

వాళ్ళు వంతెన సగం దాటకముందే కబురు అవతలి ఒడ్డుకు చేరింది. పడవ కడుతున్న ముసలాయన టోపీ తీసి ఊపాడు. "జెనోవేవా! ఎవరమ్మా ఆ అదృష్టవంతుడు? నాకు పెళ్ళయిపోయిందే, ముందే చెప్పకూడదూ!"

"ఫ్రెంచివాళ్ళు ఇక్కడ..." అని మొదలుపెట్టింది ఆమె.

"ఫ్రెంచివాళ్ళ సంగతి తర్వాత, నీ సంగతి చెప్పు!" అన్నారు టీచరమ్మలు ముక్తకంఠంతో.

మిఠాయి కొట్టు ఒలింపియా గుమ్మంలోనే కాచుకుని ఉంది. ఎనభై ఏళ్ళ ముసలిది. చేతిలో పునీత గొన్సాలో పేరు మీద మేం చేసుకునే పొడుగాటి మిఠాయి. దాని ఆకారం గురించి మర్యాదస్తులు మాట్లాడరు, అలాగని కొనకుండానూ పోరు.

"ఇందా పిల్లా, పట్టుకో. నీ పెళ్ళిరోజున ఇద్దామని చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి."

"పెళ్ళేంటి అత్తా! ఊరికే చూపించా వీళ్ళకి."

"మూడుసార్లూ ఊరికేనా? నాకు చెప్పకే!"

దాన్ని చంకలో పెట్టుకుని జెనోవేవా మెట్ల వైపు నడిచింది. కాళ్ళు నేల మీద ఆనడంలేదు. బల్తజార్‌కీ ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎప్పటిలాగే నవ్వేస్తే? 'ఈ వయసులో నీకెందుకే' అంటే? రేపటి నుంచి ఈ మెట్లు ఏ మొహం పెట్టుకుని దిగాలి? పోనీ ఈ రోజుకు ఇంకో కొట్టుకు తీసుకెళ్దామా అనుకుంది. అనుకుంటూనే దిగింది.

కొట్టు మూసి ఉంది.

పండగపూట, బస్సు వచ్చిన రోజు, బల్తజార్ తలుపులకు గొళ్ళెం. జెనోవేవాకు మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది. పారిపోయాడు. తనకు మొహం చూపించలేక పారిపోయాడు. ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏడవలేక గొడుగు కిందికి దించుకుంది.

అప్పుడే రెండు గుమ్మాల అవతల మంగలి ఆర్లిందు కొట్టు తలుపు తెరుచుకుంది. మెడకు తెల్లగుడ్డ, సగం మొహాన సబ్బునురగ, రెండో సగం నున్నగా. బల్తజార్.

"బస్సు ఇంత తొందరగా వచ్చేసిందేం!" అన్నాడు.

"ఎక్కడికి పోయావ్?" అని గట్టిగా అరిచింది జెనోవేవా.

"ఎక్కడికీ పోలా. కుస్తోదియో చెప్పాడు, నువ్వు తాడు లాగావని."

"అయితే తలుపులేసుకుంటావా?"

బల్తజార్ నురగ తుడుచుకోబోయి ఆగాడు. "ఎవరి కోసం లాగావో నాకేం తెలుసు? ఒకవేళ ఆ లెక్కలో నేనూ ఉంటే... ఆ మాసిన గడ్డంతో ఉండటం బాగుండదనిపించింది."

టీచరమ్మలంతా ఒక్క అడుగు ముందుకు జరిగారు.

"లోపలికి నడు," అంది జెనోవేవా. "సగం మొహానికి నేను జవాబు చెప్పను."

గొడుగూ మిఠాయీ దోనా ఎదుయార్దా చేతిలో పెట్టి అతని వెనకే వెళ్ళింది. అద్దానికి ముక్కులు ఆనించి టీచరమ్మలంతా చూస్తున్నారు. ఆర్లిందు అతన్ని కుర్చీలో కూలేసి, కత్తి సానపెట్టి, గడ్డం కింద ఆనించాడు. ఇంతకంటే మంచి అదను దొరకదని ఆమెకు అనిపించింది. ఇప్పుడు అతను కదల్లేడు, మాట తప్పించలేడు, నవ్వలేడు.

"నీ కోసమే లాగాను బల్తజార్."

"కదలకు! పీక తెగుద్ది!" అని ఆర్లిందు కేకేశాడు.

"నిన్నా మొన్నా పుట్టిన బుద్ధి కాదిది. నేనా జోకు వేసినప్పుడల్లా నువ్వు నవ్వితే నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారైనా నవ్వకుండా నా మొహంకేసి చూస్తావేమోనని మళ్ళీ మళ్ళీ వేశాను. ఇష్టం లేకపోతే లేదని చెప్పు. ఏడుస్తాను, తర్వాత ఊరుకుంటాను."

బల్తజార్ కళ్ళు మాత్రం ఆమె వైపు తిరిగాయి. అవి తడిగా ఉన్నాయి. ఆర్లిందు చివరి గీత గీసి, కత్తి దూరంగా పెట్టి, "ఊఁ, ఇప్పుడు మాట్లాడు," అన్నాడు.

"అందరూ నవ్వుతున్నారు కదాని నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికెళ్ళాక నాకేం నవ్వొచ్చేది కాదు." అతను గొంతు సవరించుకున్నాడు. "కొట్టు మీద మేడలో రెండు గదులున్నాయి. కిటికీ తెరిస్తే ఏరు. ఒక్కణ్ణే చూసి చూసి విసుగెత్తిపోయింది. వస్తావా?"

"వస్తాను," అంది జెనోవేవా. ఒకసారి అంటే చాలదన్నట్టు, "వస్తాను," అని మళ్ళీ అంది.

అద్దం అవతల దోనా ఎదుయార్దా వెనకవాళ్ళ వైపు తిరిగి, వీధంతా వినబడేలా అరిచింది. "వస్తుందట!"