గ్లెనిస్ గారి నీలం తొట్టి

చినత్సు ఇప్పుడు ఎవరినీ నమ్మడం లేదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదు పాపం. న్యూజిలాండ్‌లో దిగిన మొదటి వారంలోనే, గదిలో తోడున్న ఫుమికా నూరిపోసింది. ఏడాదిగా ఇక్కడే ఉంటూ తోటల్లో, హోటళ్లలో పనిచేసి, అన్నిచోట్లా పోట్లాడి మానేసిన ఫుమికాకి తెలియని మోసం లేదు.

"వర్కింగ్ హాలిడే వీసా మీద ఏడాది పనికొచ్చే పిల్లలంటే వీళ్లకి లోకువే. వారం రోజులు పని చూపించమంటారు, ఆహా ఓహో అంటారు. వారం కాగానే ఇంకో పిల్లని తెచ్చుకుంటారు. కళ్లు తెరుచుకుని ఉండు," అంది నూడిల్స్ జుర్రుకుంటూ.

చినత్సు జపాన్‌లోని అకిటాలో డిగ్రీ ముగించింది. అక్కడ చదువు అయిన వసంతంలోనే కంపెనీలు కొత్తవాళ్లను చేర్చుకుంటాయి. ఆ బండి తప్పితే మళ్లీ ఎక్కడం కష్టం. ఈ పిల్ల చేజేతులా దిగిపోయింది. ఖాయమైన ఉద్యోగం వద్దని చెప్పడానికి ఆఫీసుకు వెళ్లి, నడుము విరిగేలా వంగి క్షమాపణలు చెప్పి, విమానమెక్కింది. "నెల తిరక్కుండా వచ్చేస్తావులే," అన్నాడు తండ్రి. ఆ మాట నిజం కాకూడదంటే గ్లెనిస్ బేకరీలో పని నిలవాలి. ఊళ్లో మిగతా తలుపులన్నీ తట్టడం అయిపోయింది. అందరూ నవ్వుతూనే వద్దన్నారు.

గ్లెనిస్‌కి అరవై దాటాయి. భారీ మనిషి, మాటలు తక్కువ. "ఈ వారం చూస్తా. శుక్రవారం చెప్తా," అంది. ఫుమికా చెప్పింది అచ్చంగా ఇదే.

సోమవారం మధ్యాహ్నం దుకాణం కట్టేశాక గ్లెనిస్, "పనైపోయింది, ఇంటికెళ్లు," అంది.

"అలాగేనండీ," అని చినత్సు గుడ్డ తీసుకుని, తుడిచిన బల్లే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. యజమాని ఇంకా ఉండగా నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల సంచి తగిలించుకుని పోతుందా? తండ్రి తన ఉద్యోగం మొత్తంలో పై అధికారి లేవకుండా ఒక్కరోజు కుర్చీలోంచి లేచిన మనిషి కాదు. వెళ్లమన్నారంటే అది పరీక్షే. వెళ్లిపోయేదెవరో చూసుకుంటున్నారు.

గ్లెనిస్ కూడా కదల్లేదు. వెనక గదిలోకి పోయింది, వచ్చింది, తలుపు సందులోంచి చూసింది, మళ్లీ పోయింది. చీకటి పడబోతుంటే చిరాగ్గా తాళం తీసుకుంది. మంగళవారమూ ఇదే వరస.

బుధవారం చినత్సు కంట్లో ఆ తొట్టి పడింది. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి. వెనక గదిలో పిండి బస్తాల వెనక ఉంది, పైన తువ్వాలు కప్పి ఉంది. చీపురు కోసం అటు వెళ్లేసరికి గ్లెనిస్ గబగబా వచ్చి దాన్ని కాలితో బల్ల కిందికి తోసేసింది.

"ఇక్కడ నీకేం పని?"

"ఏం లేదండీ!"

ఆ సాయంత్రం ఇది వినగానే ఫుమికా కళ్లు మెరిశాయి. "ఏదో దాస్తోందే! రేపు పట్టుబడితే నీ మీదకి తోసేస్తుంది. పరాయి దేశం పిల్లవి, నీ మాట ఎవరు వింటారు?"

గురువారం గ్లెనిస్ ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే చినత్సు చెవులు రిక్కించింది. "ఆ జపాన్ పిల్లే. పొమ్మన్నా పోదు. అన్నీ చూస్తోంది. ఎవరో పంపినట్టే ఉంది."

శుక్రవారం దుకాణం మూశాక గ్లెనిస్ నడుం మీద చేతులేసుకుని ఎదురుగా నిలబడింది. "పని బాగానే చేస్తావమ్మాయ్. కానీ సోమవారం నుంచి రావద్దు."

తండ్రి మాట చెవిలో గింగురుమంది. ఏడుపు రావలసిన చోట చినత్సుకి ఒళ్లు మండింది.

"తొట్టి చూశాననే కదండీ మానిపిస్తున్నారు?"

గ్లెనిస్ మొహం కందగడ్డ అయింది. "అనుకున్నా! తనిఖీ వాళ్లే పంపారన్నమాట నిన్ను!"

"ఏ తనిఖీ వాళ్లండీ?"

"చాల్లే నటన! రా, చూసుకో!" వెనక గదిలోకి నడిచి, బల్ల కింద నుంచి తొట్టి లాగి తువ్వాలు పీకేసింది. ఉప్పు వేసిన వేణ్నీళ్లు. "నా కాళ్లు! తెల్లారకముందు నుంచి నిలబడే కాళ్లు! ఇంటిదాకా కారు తోలాలంటే కాసేపు ఇందులో పెట్టాలి. రొట్టెలు చేసేచోట కాళ్లు కడుగుతోందని వెళ్లి చెప్పుకో!"

చినత్సు ఆ వాచిన చీలమండల్ని అప్పుడు చూసింది. చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి. అయ్యో అనిపించింది.

"మా ఊళ్లో బస్టాండు పక్కనే వేడినీళ్ల కాలువ ఉందండీ. దారినపోయేవాళ్లంతా కాళ్లు పెట్టుకు కూర్చుంటారు. దీన్ని ఎవరైనా దాచుకుంటారా?"

"మరి రోజూ ఇక్కడెందుకు పాతుకుపోయావు?"

"మీరింకా వెళ్లలేదు కదండీ. మీకంటే ముందు నేనెలా వెళ్తాను?"

గ్లెనిస్ బస్తా మీద కూలబడింది. "నువ్వు పోతే కదే నేను కాళ్లు పెట్టుకునేది! ఐదు రోజులుగా నీళ్లు కాచడం, చల్లారాక పారబోయడం!" అంటూ పగలబడి నవ్వింది. చినత్సు నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియలేదు.

కాళ్లకి కాపడం అయ్యాక ఇద్దరూ కలిసే బయటికొచ్చారు. చినుకులు పడుతున్నాయి. "సోమవారం వచ్చెయ్, పని నీదే," అని గ్లెనిస్ కారెక్కింది.

చినత్సు రోడ్డు పక్కన నిలబడి వంగి నమస్కరించింది. కారు కనుమరుగయ్యేదాకా అలా నిలబడడం వాళ్ల దేశపు మర్యాద. కానీ ఇంజను మోగుతోందే గాని కారు కదలదు. ఆడపిల్లను ఖాళీ వీధిలో వదిలేసి పోవడం గ్లెనిస్‌కి అలవాటు లేదు.

అద్దం కిందికి దిగింది. "మళ్లీ ఏమైంది?"

"మీరు వెళ్లండి."

"నువ్వు వెళ్లు."

ఇదీ పరీక్షేనేమో. వీపు చూపించి పోయే పిల్ల అని మాట మార్చేస్తుందేమో. చినత్సు తడుస్తూ కాసేపు నిలబడింది. కారు కిటికీలోంచి గ్లెనిస్ చూస్తోంది, విసుగ్గా, అయినా కదలకుండా.

చినత్సు వెనక్కి తిరిగింది. ఏదో దొంగిలించినదానిలా తల తిప్పకుండా నడిచింది. ఆమె మలుపు తిరిగాకే కారు కదిలిన చప్పుడు వినిపించింది.