ఎడంచేతి గిన్నె

మా పెదనాన్న నలభై ఏళ్ళుగా చెక్క లేతు మీద మంచం కోళ్ళు, కుర్చీ కాళ్ళు, గిన్నెలు తీస్తున్నాడు. గిరగిరా తిరిగే చెక్కకు ఉలి ఆనించి నున్నటి రూపం తేవడం ఆయన పని. ఉలి తాకినప్పుడు చెక్క అరవకూడదని ఆయన పట్టుదల. అరిచిందంటే ఉలి పట్టినవాడికి పని రాదని లెక్క. ఆయన దగ్గర నేను మూడు నెలలు పని నేర్చుకున్నాను. మూడు నెలలూ చెక్క అరుస్తూనే ఉంది. "నీకు పుస్తకాలే నయంరా" అని పంపేశాడు. అది పొగడ్త కాదు.

ఆయన లేతుకు మాత్రం ఒక రోగం ఉండేది. ఇరుసు దగ్గర బేరింగు అరిగిపోయి పదకొండేళ్ళుగా మూలిగేది. మెల్లగా తిరిగితే కుయ్యిమనేది, వేగం పెరిగితే ఈల వేసేది. పెద్దమ్మకు అదే గడియారం. "ఇప్పుడు గరుకు తీస్తున్నారు, ఇంకో పావుగంటకి అన్నానికొస్తారు" అని వంటింట్లోంచే చెప్పేది.

ఆ మూలుగు అక్కకు నచ్చింది. అక్క అంటే పెదనాన్న కూతురు. సభలకు మైకులు అమర్చే ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే కంప్యూటర్లో శబ్దాలు అల్లుతుంది. లేతుకు రూపాయి బిళ్ళంత మైకు అతికించి, ఆ మూలుగును కంప్యూటర్లోకి పంపి, అందులోంచి గాలివాన, రైళ్ళు, పక్షుల గుంపులు పుట్టించింది. మూలుగు హెచ్చితే అవీ హెచ్చుతాయి, ఆగితే అవీ ఆగుతాయి. వేదిక మీద పెదనాన్న నిజంగానే ఒక గిన్నె తీయాలి, పక్కన కూర్చుని ఆమె ఆ శబ్దాన్ని నడపాలి. టౌను హాలువాళ్ళు ఒక సాయంత్రం ఇచ్చారు. బాగుంటే నెలకో సాయంత్రం ఆమెది. లేకపోతే మళ్ళీ ఎవరి ఉపన్యాసానికో మైకు సర్దడమే. "మీరు వినేదంతా మీ కళ్ళ ముందే పుడుతుంది" అని గోడ కాగితాల మీద అచ్చు వేయించింది.

కొత్త పని చేసేవాళ్ళను చూసి ముందు నవ్వడం, పేరొచ్చాక చుట్టాలమని చెప్పుకోవడం మన జనానికి వెన్నతో పెట్టిన విద్య. అందరికంటే ముందు నవ్వినవాడు పెద్దమ్మ తమ్ముడు, తలుపులు చేసే మేస్త్రి.

"బావా, మొదటి వరసలోనే కూర్చుంటా. నీ ఉలి ఎక్కడ జారుతుందో దగ్గర్నుంచి చూడాలి."

"జారితే నీ ఒళ్ళోనే పడేట్టు చూస్తాలే."

ప్రదర్శన రోజు మధ్యాహ్నం నలుగురం లేతును హాలుకు మోశాం. అక్క మైకు అతికించి, "తిప్పు నాన్నా" అంది. లేతు తిరిగింది. స్పీకర్లలో ఏమీ రాలేదు. వైరు మార్చింది. రాలేదు. చివరికి లేతుకే చెవి ఆనించింది. పెదనాన్న ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఎలా ఉంది? నిన్న కూర్చుని కొత్త బేరింగు వేశా. ఇంతమంది ముందు కుయ్యో మొర్రో అంటే నా పరువేం కాను?"

అక్క లేతు మీంచి చెవి తీసింది. "నేను వాయించేది ఆ మొర్రనే కదా నాన్నా."

"అది రోగం కదమ్మా. నువ్వు రోగాన్ని వాయిస్తున్నావనుకోలేదు. నా ఉలిని వాయిస్తున్నావనుకున్నా."

"పాతదేదీ?"

"తీయడానికి సుత్తితో కొట్టా. రెండు ముక్కలైంది."

నాలుగు నెలలు పక్కపక్కనే సాధన చేసి, పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసుకోకపోవడం మా వంశంలోనే సాధ్యం. ఇంట్లో రికార్డు చేసింది వేసేద్దామన్నాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. గోడ కాగితం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"అయితే చెక్కనే అరిపించు నాన్నా," అంది అక్క.

పెదనాన్న ప్రయత్నించాడు. ఉలి అడ్డదిడ్డంగా పెట్టేవాడు, చెక్క తాకేలోపు చెయ్యి దానంతటదే సర్దుకునేది. ఎంత చెడగొట్టాలనుకున్నా నున్నగానే వచ్చింది.

"ఒరేయ్, నువ్వు మూడు నెలలు ఎలా అరిపించావురా?"

"పని తెలీక పెదనాన్నా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. ఉలిని ఎడం చేతిలోకి మార్చాడు. "దీనికీ తెలీదు" అంటూ ఆనించాడు. చెక్క కెవ్వుమంది. స్పీకర్లలో రైలు దూసుకుపోయింది. హాలు కాపలాదారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అక్క కూర్చున్నచోటే ఎగిరింది.

పెదనాన్న ముఖం మాత్రం చిన్నబోయింది. "మొదటి వరసలో వాడుంటాడే."

"నీకిష్టం లేకపోతే మానేద్దాం. హాలువాళ్ళకి నేను చెప్పుకుంటా."

ఆయన ఉలి మీది పొట్టు తుడిచాడు. "తలుపులు చేసేవాడికి గిన్నెల సంగతి ఏం తెలుస్తుందిలే" అన్నాడు. తెలుస్తుందని ఆయనకు తెలుసు.

సాయంత్రం హాలు ముప్పాతిక నిండింది. అరగంట సేపు చెక్క అరిచింది. వాన కురిసింది, రైళ్ళు పోయాయి, పక్షులు లేచాయి. జనం కుర్చీల అంచులకు జరిగారు. మేస్త్రి మాత్రం గిన్నెనే చూస్తున్నాడు. దాని గోడంతా ఎలుకలు కొరికినట్టు గాట్లు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, జబ్బు మనిషిని చూసినట్టు బావను చూశాడు.

ఇంకో రెండు నిమిషాలుందనగా పెదనాన్న కూడా గిన్నెను చూసుకున్నాడు. ఇక తట్టుకోలేకపోయాడు. ఉలి కుడిచేతిలోకి వచ్చింది. అక్క గబుక్కున తలెత్తింది. ఇది సాధనలో లేదు. ఒక్కో గాటూ చెరిగిపోతుంటే అరుపు మూలుగైంది, మూలుగు ఊపిరైంది. పక్షులు ఒక్కొక్కటే వాలాయి. చివరికి పొట్టు నేల మీద రాలే చప్పుడు మిగిలి, అదీ ఆగింది. ఆ తర్వాత చప్పట్లు.

మేస్త్రి వేదికెక్కి గిన్నె లోపల బొటనవేలు తిప్పి చూశాడు. "పని మర్చిపోయావేమోనని హడలిపోయా బావా."

"మర్చిపోవడానికే చెమటలు పట్టాయిరా."

మేస్త్రి అప్పటికే పక్కవాళ్ళకు "మా బావ" అని చెబుతున్నాడు.

నెలకో సాయంత్రం అక్కకు ఖాయమైంది. పెదనాన్న రోజూ భోజనానికి ముందు ఎడంచేత్తో సాధన చేస్తున్నాడు. పెద్దమ్మకు గడియారం తిరిగొచ్చింది. మొన్న అక్క చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని ముఖం చిట్లించింది.

"నాన్నా, గాట్లు తగ్గిపోతున్నాయి. ఎడం చెయ్యి కూడా బాగుపడిపోతోంది. ఇక సాధన మానెయ్."

ఆయన ఉలి కింద పెట్టి, గుమ్మంలో ఉన్న నన్ను చూపించాడు. "అయితే వీణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకుందాం. వీడి మీద నాకు నమ్మకముంది."

ఇదీ పొగడ్త కాదు. అయినా సోమవారం నుంచి వెళ్తున్నాను.