మా అమ్మ పగటిపూట నిద్రపోయిన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మ కూడా నిద్రపోతుందన్న సంగతి నాకు తెలియదు. ఈ మాటంటే మా మనవరాలు నవ్వుతుంది గానీ, నిజం. నేను పడుకునే వేళకు ఆవిడ పనిలో ఉండేది, లేచేసరికీ పనిలోనే ఉండేది. అంతకుమించి ఆలోచించే వయసు కాదు నాది. తొమ్మిదేళ్లు.

మాది సూర్యలంక పక్కన చేపలు పట్టేవాళ్ల పల్లె. మా నాన్న పడవ మీద పోతే రెండు మూడు రోజులకు గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో అమ్మ, నేను, మా నాయనమ్మ. ఆ ఏడు వానాకాలంలో నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. బాపట్ల ఆసుపత్రిలో పది రోజులుంచి ఇంటికి పంపేశారు. వల అల్లడంలో మా పల్లెలో ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి వసారాలో నులకమంచం మీద, ఎటు తిప్పి పడుకోబెడితే అటే ఉండిపోయింది.

అన్నీ అమ్మ ఒక్కతే చేసేది. ఒళ్లు తుడవడం, గుడ్డలు మార్చడం, చెంచాతో గంజి పట్టడం. నాయనమ్మది భారీ శరీరం. తరచూ పక్కకు తిప్పడానికి అమ్మకు సత్తువ చాలేది కాదు. తిప్పకపోయేసరికి నడుము దగ్గర పుండు లేచింది. చుట్టుపక్కలవాళ్లు గుమ్మం దాకా వచ్చి, ఏమన్నా కావాలంటే చెప్పమనేవాళ్లు. ఏమీ వద్దండి, బాగానే ఉందండి అనేది అమ్మ. అత్తను చూసుకోలేకపోయిందన్న మాట పడటం కంటే ఆవిడకు ఏదైనా నయమే.

ఒక రోజు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే వసారాలో పెద్ద చప్పుడైంది. నాయనమ్మను జరపబోయి అమ్మ కాలు జారింది. ఇద్దరూ నేల మీద ఉన్నారు. నాయనమ్మ అమ్మ కాళ్లకు అడ్డంగా పడిపోయింది. అమ్మ లేవలేకపోతోంది. నేను వాకిట్లోకి పరిగెత్తబోతుంటే, "ఎవరికీ చెప్పకే" అంది. అమ్మ మాట వినకపోవడం నాకు అదే మొదటిసారి.

పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆవిడ వయసులో ఉండగా ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగింది. కాసేపటికి పాత తెరచాప గుడ్డ ముక్కొకటి చంకన పెట్టుకుని, ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నాయనమ్మను మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిలించి గుడ్డను వీపు కిందకు తోశారు. రెండో పక్కకు తిప్పి అవతలికి లాగారు. నలుగురూ నాలుగు మూలలూ చేతులకు చుట్టుకున్నారు. పెద్దమ్మ "ఊఁ" అంది. అంతే. అమ్మ వల్ల కాని ఆ భారం అలవోకగా పైకి లేచి మంచం మీదికి చేరింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. నలుగురు మామూలు మనుషులు, ఒక పాత గుడ్డ. దేవుడు కనపడ్డా నేనంత ఆశ్చర్యపోయేదాన్ని కాదేమో.

"గుడ్డ కిందే ఉంచు చెల్లీ. మనిషిని ఎత్తకు, గుడ్డను లాగు. పక్కకు తిప్పడానికి ఒక్కదానివైనా సరిపోతావు" అంది పెద్దమ్మ.

మర్నాడు భోజనాలయ్యాక ఆవిడ మళ్లీ వచ్చింది, భుజాన చిరిగిన వలతో. వాళ్ల వాకిట్లో చేపలు ఆరబెట్టారట, ఈగలు కూచోనివ్వట్లేదట, వల బాగుచేసుకునేదాకా మా వసారాలో కాస్త చోటిస్తావా అని అడిగింది. చోటు అడిగితే అమ్మ ఎలా కాదంటుంది? ఆ మర్నాడు ఇంకో ఇద్దరు తోడొచ్చారు. వాళ్ల చేతులు వల మీద ఉండేవి, కళ్లు మంచం మీద. మాటల మధ్యలోనే నాయనమ్మను అటు నుంచి ఇటు తిప్పేవాళ్లు, కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగేవాళ్లు, తల ఎత్తిపెట్టి మజ్జిగ పట్టేవాళ్లు.

మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ లోపల చాప మీద పడి ఉంది. కదలట్లేదు. అమ్మకు కూడా పక్షవాతం వచ్చిందనుకుని బావురుమన్నాను. పెద్దమ్మ గబుక్కున వచ్చి నన్ను దగ్గరకు లాక్కుంది.

"అరవకే తల్లీ. మీ అమ్మ నిద్రపోతోంది."

నేను చాలాసేపు అక్కడే కూచుని చూశాను. అమ్మ మొహం అంత చిన్నదని, మా క్లాసు పిల్లల మొహంలా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కొన్ని వారాలకు నాయనమ్మ ఎడమచెయ్యి చాపి, పెద్దమ్మ చేతిలోని వలను పట్టి లాగింది. మొహం చిట్లించి "ఊఁహూఁ" అంది. చూస్తే ముడి తప్పుగా పడింది. అందరూ పడీపడీ నవ్వారు, నాయనమ్మ కూడా. ఆ రోజు నుంచి వల అంచు బిగించి పట్టుకునే పని ఆవిడదే. పుండు మానింది. ఇంకో మూడేళ్లు బతికింది.

వాళ్లు వలలతో రావడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే, ఒక మధ్యాహ్నం ఏదో పని మీద పెద్దమ్మ వాళ్లింటికి పోయాను. వాకిట్లో చేపలూ లేవు, ఈగలూ లేవు. సముద్రపు గాలికి చల్లగా ఉంది. తిరిగొచ్చి పెద్దమ్మను చాటుగా అడిగాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. "మీ అమ్మ సాయం చేస్తామంటే వద్దంటుంది. సాయం అడిగితే మాత్రం కాదనదు. నువ్వు చెప్పకు" అంది.

నేను చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, అమ్మ పెద్దదైపోయి రేపల్లెలో నా దగ్గరున్నప్పుడు, ఇక దాచడం ఎందుకని చెప్పాను. అమ్మ నవ్వింది.

"నాకు మొదటి రోజే తెలుసు. పక్కింటి వాకిలి నాకు కనపడదా ఏంటి?"

"మరి ఏమీ అనలేదేంటమ్మా?"

"నిద్రొచ్చేదే అప్పుడు నాకు" అంది.



ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. మా వీధిలో ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు మంచాన పడ్డారని తెలిస్తే, ఏమన్నా కావాలంటే చెప్పండని ఫోన్ చేసి ఊరుకోవడం నాకు చేతకాదు. వెళ్తాను. మంచం మీది మనిషిని పలకరిస్తాను. ఆ తర్వాత మంచం పక్కన నిలబడ్డ మనిషి వైపు తిరిగి, ముందు తన కళ్లలోకి చూస్తాను.



"నువ్వు తిన్నావా అమ్మా?" అని అడుగుతాను.