పదకొండు మందిని రాసిన జకరయ్య

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర హోటళ్లు నడిపేవాళ్లకు జకరయ్య సైకిలు బెల్లు వినపడితే చాలు, చేతులు వాటంతటవే గిన్నెల మీద మూతలు పెట్టేవి. జకరయ్య హెల్త్ ఇన్‌స్పెక్టరు. మంచివాడే. కాఫీ ఇస్తే తాగడు, ఊరికే ఇచ్చిన బీడీ ముట్టడు. అసలు ఇబ్బందే అది. సైకిలు దిగి, ప్యాంటు అంచుకు పెట్టుకున్న క్లిప్పు తీసి జేబులో వేసుకుని, నేరుగా వంటింట్లోకి పోయి ఇత్తడి గిన్నెల్లో తల దూర్చేవాడు. లోపల తగరం పూత, అంటే కళాయి, తెల్లగా మెరుస్తుంటే సరే. ఎక్కడైనా పూత పోయి ఇత్తడి పసుపు తేలిందా, "పులుపు తగిలితే చిలుం పడతాది. చిలుం కడుపులోకి పోతే వాంతులు" అని పాఠం. పాఠం అయ్యాక కేసు.

బస్టాండు ఎదురుగా హోటలు నడిపే నరసమ్మ ఆ పాఠం రెండుసార్లు విన్నది, రెండుసార్లూ కేసు రాయించుకున్నది.

అది 1983. ఆ ఏడాది పైనుంచి కొత్త కాగితమొకటి వచ్చింది. తిండి వల్ల దేశంలో ఎంతమంది జబ్బుపడుతున్నారో కొలవాలని ఢిల్లీలో అనుకున్నారట. కొలత లేకుంటే సంగతి బాగుపడుతోందో చెడిపోతోందో తెలిసేదెట్లా? అందుకని కొన్ని తాలూకాల్లో ముందుగా చేసి చూడమన్నారు. ఎక్కడ తిన్నారు, ఏం తిన్నారు, ఎంతమంది తిన్నారు, ఎంతమందికి జబ్బు చేసింది, ఎందువల్ల అని ఐదు గడులు. నింపి ప్రతి సోమవారం నంద్యాల బస్సులో పంపాలి. పద్నాలుగు వారాలుగా జకరయ్య ఐదు గడులకూ అడ్డంగా ఒకే గీత గీసి "లేదు" అని పంపుతున్నాడు. అబద్ధమని కాదు. ఎవరూ వచ్చి చెప్పలేదు, ఆయన పోయి అడగలేదు. రానురాను ఆ "లేదు" ఎంత అలవాటైందంటే, సోమవారం పంపాల్సిన కాగితాన్ని శనివారమే రాసి, సంతకం పెట్టి, చొక్కా జేబులో ఉంచుకునేవాడు.

అట్లా సంతకం పెట్టిన "లేదు" జేబులో ఉండగానే, ఆదివారం కూతురి బాప్తిస్మం విందు వచ్చింది.

నలభై రెండు మంది భోజనాలకు వచ్చారు. ఆసుపత్రిలో పనిచేసే అందరినీ పిలిచాడు కానీ, అందరూ వస్తారని ఆయనకే నమ్మకం లేదు. మాలపల్లెలో పుట్టి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాడు. ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు ఆయనతో నవ్వుతూ మాట్లాడేవాళ్లే గానీ, ఆయన ఇంట్లో చెయ్యి కడిగింది లేదు. ఆ రోజు కడిగారు. హెడ్ క్లర్కు లక్ష్మీనారాయణ కూడా వచ్చాడు. మాంసం ముట్టని మనిషి, మడి పాటించే ఇల్లు. "నాకు మజ్జిగ చాలప్పా" అని కుర్చీలో కూచున్నాడు. జకరయ్య భార్య సుగుణమ్మ ఆ మాటకే పొంగిపోయి, గ్లాసు ఖాళీ అయ్యేలోగా మళ్లీ మళ్లీ నింపింది.

మధ్యాహ్నం రెండు గంటలకు వాంతులు మొదలయ్యాయి. మొత్తం పదకొండు మంది. లక్ష్మీనారాయణ ఇల్లు చేరనే లేదు, దారిలో ఒక గోడ పట్టుకుని కూలబడ్డాడు. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు, సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. తేరుకోనివాడు జకరయ్య ఒక్కడే.

ఐదింటికి నరసమ్మ వచ్చింది. కూరగిన్నెల మధ్య కూచుని సుగుణమ్మ ఏడుస్తోంది.

"మాంసమే చెడిపోయిందంటాండారు అక్కా అందరూ."

నరసమ్మ మాంసం గిన్నె వాసన చూసింది. అన్నం నలిపి చూసింది. మూలనున్న ఇత్తడి గంగాళం మూత తీసింది.

"మజ్జిగ దీంట్లో కలిపినారా?"

"తెల్లారే కలిపినాం. నిమ్మకాయలు కూడా పిండినా. ముందురోజే చింతపండేసి తళతళా తోమినా కదక్కా."

"తోమినావు లేమ్మా. కళాయి యాడుంది?"

అది నీళ్ల గంగాళం. నీళ్లకు కళాయి ఎందుకులే అని ఎన్నడూ వేయించలేదు. మజ్జిగ నిలిచిన మేర లోపలంతా నీలం కలిసిన పచ్చటి చిలుం చార. ఊరందరి గిన్నెల్లో తల దూర్చిన జకరయ్య, తన గంగాళంలో దూర్చిన తలను చాలాసేపు బయటికి తీయలేదు.

"బయటికి రా సారూ. ఎంతసేపు చూసినా తెల్లగా కాదు."

"నరసమ్మక్కా, ఈ మాట యాడా అనొద్దు."

"నేనెందుకంటా? నువ్వు రాయవా? ఏందో కాగితముందంటివే. మా హోటలైతే నిలబడినోడివి నిలబడినట్టే రాస్తివే!"

జకరయ్య జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "రాస్తే నంద్యాలదాకా నవ్వుతారు. నా పేరు పోతాది."

"రాయకుంటే ఇంకా పెద్దదే పోతాది సారూ. ఊరు ఏమంటాదో నేను చెప్తా, విను. వాళ్లింట్లో తిన్నందుకు వాంతులైనాయి అంటాది. గంగాళం ఊసు ఎవరూ ఎత్తరు. మళ్లా నీ గడప తొక్కేటోడుండడు. కాగితం మీద రాయి. గంగాళం చేసిన తప్పు గంగాళం మీదికే పోతాది."

రెండు కేసుల కసి తీర్చుకోవడానికి దేవుడు చేతికిచ్చిన సాయంత్రం అది. నరసమ్మ ఆ సాయంత్రాన్ని, సుగుణమ్మ పక్కన కూచుని గంగాళం తోమడానికి వాడుకుంది. అది చూస్తూ జకరయ్య జేబులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు.

సోమవారం పొద్దున్నే సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన ఉద్యోగంలో, ఎవరేం తిన్నారో ఎవరికేమైందో పోయి అడగడం అదే మొదలు. మాంసం తిని మజ్జిగ తాగనివాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పడిన పదకొండు మందీ మజ్జిగ తాగినవాళ్లే. లక్ష్మీనారాయణ ఇంటి ముందు మాత్రం సైకిలు దిగడానికి కాళ్లు రాలేదు. ఆయనే అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఏమప్పా జకరయ్యా, ఆడ్నే నిలబడితివి?"

"అయ్యా, మీరు ఎన్ని గ్లాసులు..."

"మూడు. మీ ఆమె పోస్తానే ఉండె, వద్దంటే బాగుండదని నేను తాగతానే ఉంటి." లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో వేరే మాటలు అనుకుంటాండారప్పా. మజ్జిగే అని తేలిందా?"

"మజ్జిగ కాదయ్యా, గంగాళం. కళాయి లేదు."

లక్ష్మీనారాయణ గట్టిగా, ఇంట్లోకి వినపడేలా అన్నాడు. "కళాయి లేని గంగాళమా! రాయప్పా, నా పేరే ముందు రాయి."

జకరయ్య రాశాడు. "ఎక్కడ తిన్నారు" అన్న గడిలో "నా ఇంట్లో" అని రాసేటప్పుడు మాత్రం అక్షరాలు కొంచెం చిన్నవయ్యాయి.

నెల తిరిగాక నంద్యాలలో మీటింగు పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. కాగితాల కట్ట ముందు పెట్టుకుని, ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది.

"లేదు. లేదు. లేదు. తిరునాళ్ల వారం కూడా లేదు. జబ్బు లేదా, అడిగినవాళ్లు లేరా? వీటిని చూసి నేనేం కొలవాలి?" ఒక కాగితం దగ్గర ఆగింది. "నలభై రెండు మంది తిన్నారు, పదకొండు మందికి చేసింది, కళాయి లేని గంగాళం. ఇది కొలత. ఆళ్లగడ్డ ఎవరు?"

జకరయ్య లేచాడు.

"ఎక్కడ తిన్నారన్నచోట 'నా ఇంట్లో' అని ఉంది. ఎవరింట్లో?"

"నా ఇంట్లోనే మేడం."

గది గొల్లుమంది. డాక్టరమ్మ నవ్వలేదు. కాగితంలో వంటపాత్రకు గడి లేదని, ఆరో గడి ఒకటి పెట్టమని పైకి రాస్తానని అన్నది. పైవాళ్లు ఒప్పుకున్నారో లేదో జకరయ్యకు ఎన్నడూ తెలియలేదు. ఆయన మాత్రం తన కాగితాల్లో స్కేలు పెట్టి ఆరో గడి గీసుకునేవాడు.

బస్సు దిగి నేరుగా నరసమ్మ హోటలుకు పోయాడు. జరిగిందంతా చెప్పాడు.

"పదకొండు మందీ ఢిల్లీకి పోయినారా?" అన్నది ఆమె, దోశ తిప్పుతూ.

"పోయినట్టేనక్కా. అంతా నీ దయ."

"దయేంది? పక్కకు జరుగు సారూ, గిరాకీకి అడ్డం."

జరిగాడు కానీ వెంటనే పోలేదు. బల్ల మీది ఎంగిలాకులు నాలుగు తీసి బయట పడేసి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఆకులెత్తడం చూసి బస్సు డ్రైవర్లు తినడం ఆపారు.

ఆ తరువాత ఒక సోమవారం జకరయ్య ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోకముందే గడపలో మిఠాయి కొట్టు ఓబయ్య నిలబడ్డాడు. ఎప్పుడూ ఇన్‌స్పెక్టరును చూసి వెనక వాకిలి పట్టే మనిషి.

"సారూ, నిన్న మా కోవా తిని ముగ్గురు పడినారు. రాసుకో."

"నిన్నెవరు పంపినారు ఓబన్నా?"

"ఎవరు పంపాల? నీ ఇల్లు నువ్వే రాసుకుంటివంట కదా. మా కొట్టేమన్నా గొప్పదా?"

జకరయ్య లేచి పోయి ఓబయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు.

"చేతులిడిచి కాగితం పట్టు సారూ," అన్నాడు ఓబయ్య. "బేగా రా, వాళ్లింకా కక్కతానే ఉండారు."