డప్పు కాగుతున్న చప్పుడు

విశాఖ నుంచి ఆఫీసు పని మీద వెళ్ళిన నేను ఆ రోజు అమీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కాను. చెవుల్లో యాంబియెంట్ టెక్నో. మాటల్లేకుండా నెమ్మదిగా సాగే ఆ కంప్యూటర్ సంగీతమంటే నాకు ప్రాణం. కానీ పావుగంట విన్నా ఏమీ మొదలు కాకపోతే, నన్నెవరో మోసం చేస్తున్నారేమో అనిపించేది. మా తమ్ముడైతే దాన్ని ఫ్రిజ్ చప్పుడంటాడు. అందుకే ఎవరికీ వినిపించను.

పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. నా పక్కన ఒక పెద్దాయన ఒళ్ళో డప్పు పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో షాపు ఓపెనింగ్‌లో వాయించడానికి వెళ్తున్నాడట.

“ఏం ఇంటున్నవ్ బిడ్డా?” అన్నాడు.

సిగ్గుపడుతూనే ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

“ఎంతకీ మొదలవదండీ,” అన్నాను, తప్పు నాదైనట్టు.

“మొదలైంది గదా! గీ వాయించేటోడు ఇంకా డప్పు కాపుతుండు. మేం సుత వాయించే ముందు డప్పును మంటకు కాపుతం. తోలు బిగిసిందా లేదా అని నడుమ నడుమ ఒక దెబ్బేసి చూస్తం. జనానికి ఆట గావాలె. నాకైతే గా కాపేటప్పటి సప్పుడే మస్తు ఇష్టం.”

అంటూనే వేలితో డప్పు మీద మెల్లగా ఒక దెబ్బ వేశాడు. అది సరిగ్గా ఆ సంగీతం ఖాళీ వదిలిన చోట పడింది. మళ్ళీ ఇంకొకటి.

ఇయర్‌ఫోన్లు పీకేసి, జీవితంలో మొదటిసారి ఆ పాటను స్పీకర్‌లో పెట్టాను.

ఆటో కదిలింది. డ్రైవర్ తల తిప్పకుండానే అరిచాడు.

“అక్కా, జర సౌండ్ పెంచు!”

మొత్తం పెంచేశాను.